సరదా ఎవరికండీ?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో హ్యారీ పోటర్ కథల్లోని కవలలు ఫ్రెడ్, జార్జ్‌ల చిలిపి పనులను మెచ్చుకుంటూ వచ్చిన వ్యాసం చదివాను. రాయాలా వద్దా అని నాలుగు రోజులు ఊరుకున్నాను. ప్రతి బడికీ ఇలాంటి ఇద్దరుండాలన్నట్టు ముగించారు చూడండి, అక్కడే కడుపు మండింది.

ఆ ఏడు పుస్తకాలూ మా మనవరాలి పక్కన కూర్చుని నేనూ చదివాను. నాలుగో పుస్తకంలో, పథ్యం చేస్తూ ఆకలితో నకనకలాడుతున్న హ్యారీ పెద్దమ్మ కొడుకు డడ్లీ ముందు కావాలనే టాఫీలు జారవిడిచారు. వాడి నాలుక నాలుగడుగులు సాగిపోతే, గుడ్లు తేలేస్తున్న కొడుకు పక్కన కూలబడి తల్లి దాన్ని పట్టుకు లాగుతుంది. డడ్లీ మంచివాడేం కాదు, హ్యారీని ఏళ్ల తరబడి కొట్టినవాడే. అయితే మాత్రం? ఇంటికొచ్చాక కన్నతండ్రే ఆ కవలల్ని చెడామడా తిట్టాడు. ఆ ముక్క మీ వ్యాసంలో ఏదీ?

ఐదో పుస్తకంలో మాంటేగ్ అనే కుర్రాణ్ణి పాడైపోయిన మాయబీరువాలోకి కుక్కేశారు. చివరికి మరుగుదొడ్డిలో ఇరుక్కుని, మతి చెదిరి దొరికాడు. ఆ బీరువాకి బడి బయట ఒక జత బీరువా ఉంది, ఒకదాంట్లో దూరితే రెండోదాంట్లో తేలొచ్చు. ఆ గుట్టు వాడి నోటనే విని, ఆరో పుస్తకంలో మాల్ఫాయ్ అనే తోటి విద్యార్థి ఆ దారినే హంతకుల్ని బడిలోకి దించాడు. రచయిత్రి ఆ లెక్క మరిచిపోలేదు, మీ వ్యాసకర్తే మరిచారు.

అసలు చెప్పాల్సిన ఘట్టమూ ఆ ఐదో పుస్తకంలోనే ఉంది. స్నేప్ అనే తన మాస్టారి పాత జ్ఞాపకంలోకి హ్యారీ మంత్రంతో తొంగిచూస్తాడు. చదువుకునే రోజుల్లో, తన స్నేహితుడికి ఏమీ తోచడం లేదని, హ్యారీ తండ్రి నలుగురి ముందూ ఆ స్నేప్‌ని తలకిందులుగా వేలాడదీయడం కళ్లారా చూస్తాడు. మీ నాన్నకప్పుడు పదిహేనేళ్లేగా అని పెద్దవాళ్లు సర్దిచెప్పబోతే, నాకూ పదిహేనేళ్లే అంటాడు. అక్కడికొచ్చాక మా పిల్ల పుస్తకం మూసేసి చాలాసేపు మాట్లాడలేదు.

దానికి తెలుసు మరి. నిరుడు బడిలో దాని చొక్కా కాలరుకి దురదగొండి నూగు రాశారు. మెడంతా దద్దుర్లు, గోకి గోకి రక్తం. రాత్రంతా కొబ్బరినూనె రాస్తూ కూర్చున్నాం. మర్నాడు వెళ్లి అడిగితే, "పిల్లలు సరదాకి చేశారండీ" అన్నారు.

పరాయి కథల్నే అనడం లేదు. బంగారు మామిడిపళ్లు పుచ్చుకున్న బ్రాహ్మణులకు తెనాలి రామకృష్ణుడు వాతలు పెట్టిన కథ చెప్పి, తెలుగు మాస్టారుగా ముప్పై ఏళ్లు పిల్లల్ని నవ్వించాను. కాలిన ఒళ్లు ఎవరిదని ఒక్కనాడూ అడగలేదు. తప్పు నాదీ ఉంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లో వచ్చింది. హ్యారీ పోటర్ మొదటి పుస్తకం వచ్చిందీ ఆ ఏడే. ఆటపట్టించి అవమానించినా ఆర్నెల్ల దాకా జైలని అందులో రాసి ఉంది. కాలేజీ గోడలకు పోస్టర్లు అంటించడం తప్ప అధికారులు చేసిందేమిటి? పదేళ్లప్పుడు ఎవరూ చెప్పనిది పద్దెనిమిదేళ్లకు పోస్టరు చూసి నేర్చుకుంటారా? నీతిబోధ పీరియడు ఎప్పుడో లెక్కలకు ధారపోశారు. లైబ్రరీ పుస్తకాలు బీరువాలో ఉంటాయి, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు.

వచ్చే ఆదివారమైనా ఆ స్నేప్ ఘట్టం గురించి వేయండి. రాసేవాళ్లు దొరక్కపోతే మా మనవరాలు రాస్తానంటోంది.

– ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, గుడివాడ