తువ్వాల కప్పిన ఆటో అన్నకు

మొన్న ఆదివారం పొద్దున నల్లగొండ గడియారం సెంటర్ల అట్టపెట్టె పట్టుకొని నిలబడ్డది నేనే అన్నా. పెట్టెల మా పిల్లి చింటుగాడు. రెండు రోజులుగా మంచం కిందికెళ్లి బయటికి రాలేదు, అలిగిండనుకున్నం. ఇసుక తట్టల మాటిమాటికి కూసొని మూలుగుతుంటే మలబద్ధకమనుకొని ఆముదం పట్టబోయిన.

మీరు మూత తీసి ఒక్క చూపు చూసిన్రు. "మగపిల్లి కదా చెల్లే? ఉచ్చ బందయినట్టుంది, రేపటిదాకా ఆగొద్దు" అన్నరు. మీ ఇంట్ల పిల్లికీ ఇట్లనే అయిందట.

పాటలు బంద్ చేసి, మీ మెడల తువ్వాల తీసి పెట్టె మీద కప్పిన్రు. చీకటైతే పిల్లికి భయం తగ్గుతదని. ప్రతి స్పీడ్‌బ్రేకర్ కాడ బండిని నడకలెక్క దాటించిన్రు. తెలిసిన డాక్టరుకు ఫోన్ చేసి తలుపు తీయించిన్రు.

డాక్టరు గొట్టం వేసి మూత్రం తీసిండు. అది లోపలే నిలిస్తే ఒకటి రెండు రోజుల్లనే పాణం మీదికొస్తదట. నేను బయటికొచ్చేసరికి మీరు కిరాయి కూడా తీసుకోకుండ వెళ్లిపోయిన్రు.

చింటు ఇప్పుడు తింటుండు, కిటికీల కూసుంటుండు. మీ తువ్వాల ఉతికి మడతపెట్టిన. రోజూ స్టాండుల మీ కోసం చూస్తున్న అన్నా.