ఆపరేషన్‌కు ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన నెల ఇక్కడ కర్నూలులో మా చిన్నాన్నకు అపెండిక్స్ ఆపరేషన్ అయింది. గంటలో బయటికి తెస్తామన్న మనిషి సాయంత్రం దాకా వెంటిలేటర్ మీదే ఉన్నాడు, మా పిన్ని టెన్షన్‌తో ఒక్కచోట కూర్చోలేకపోయింది. గొంతులో గొట్టం వేసే ముందు కండరాలు వదులయ్యేందుకు ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ఇంజెక్షన్ వల్ల అలా అయిందట. మామూలుగా దాని ప్రభావం 5 నుంచి 10 నిమిషాలే, రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని కరిగించేస్తుంది. పుట్టుకతో ఆ ఎంజైమ్ సరిగా లేనివాళ్లకు మాత్రం గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు.

మా ఆర్యవైశ్యుల్లో ఈ లోపం ఎక్కువని డాక్టర్లకు ఎప్పటినుంచో తెలుసు. అయినా మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. మా తాతకు కూడా ఒకసారి ఇలాగే అయిందన్న మాట ఆ రోజే బయటపడింది! మత్తు డాక్టరు కంగారుపడకుండా, మత్తు కొనసాగిస్తూ, ఊపిరి తనంతట తాను వచ్చేదాకా గొట్టం తీయలేదు కాబట్టి మనిషి దక్కాడు.

ఈ ఎంజైమ్ లోపం రక్తపరీక్షతో తెలుస్తుంది, ఆ ఇంజెక్షన్‌కు బదులు వేరే మందులూ ఉన్నాయి. 'మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత ఊపిరి ఆలస్యంగా వచ్చిందా' అనే ప్రశ్నను మన జిల్లాలోని ప్రతి ఆస్పత్రి కేసు షీటులో చేర్చాలని అధికారులను కోరుతున్నాను.

ఒక పాఠకుడు, కర్నూలు