యూరప్ జీతంలో చేతికందేది ఎంత?

సంపాదకులకు నమస్కారం.

విదేశీ కొలువుల ప్రకటనల్లో దుబాయ్, ఖతార్ పేర్ల పక్కన ఇప్పుడు రుమేనియా, క్రొయేషియా, సెర్బియా, బల్గేరియా కూడా కనబడుతున్నాయి. నిన్నటిదాకా గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన ఏజెంట్లే ‘యూరప్ వర్క్ పర్మిట్’ అని బోర్డులు మార్చారు. అక్కడ ఉద్యోగాలు లేవని నేను అనను. రుమేనియా 2022 నుంచి 2025 వరకు ఏటా లక్షమంది కొత్త విదేశీ కార్మికులకు కోటా ప్రకటించింది. క్రొయేషియా 2024లో ఇచ్చిన పని అనుమతులు రెండు లక్షలు దాటాయి, అందుకున్నవాళ్లలో మనవాళ్లది ముందు వరుసే. నా అభ్యంతరమల్లా ప్రకటనలో వేసే అంకె మీద.

గల్ఫ్‌లో జీతం మీద ఆదాయపు పన్ను ఉండదు. కాగితం మీద ఎంత రాస్తే అంత చేతికి రావాలన్న లెక్క మనవాళ్లకు అక్కడే అలవాటయింది. అదే లెక్క యూరప్‌కు వేస్తే తప్పుతుంది. రుమేనియా సంగతే చూడండి. 2025 జనవరి నుంచి అక్కడి కనీస వేతనం నెలకు 4,050 లేయిలు. యూరోకు ఐదు లేయిల చిల్లర చొప్పున ఇది 800 యూరోలకు కాస్త అటూ ఇటూ. ‘నెలకు 800 యూరోలు, ఎనభై వేలు’ అన్న ప్రకటన ఇక్కడి నుంచే వచ్చింది. కానీ అది గ్రాస్, అంటే కోతలకు ముందు లెక్క. అందులో 300 లేయిల మీద ఏ కోతా లేదు. మిగిలిన 3,750 మీద పింఛను వాటా 25 శాతం, అంటే 938 లేయిలు పోతాయి. ఆరోగ్య బీమా వాటా 10 శాతం, 375 పోతాయి. ఆ మీదట కుటుంబ భారం లేని కనీస వేతన కార్మికుడికి 810 లేయిల మినహాయింపు ఇచ్చి, మిగిలినదాని మీద 10 శాతం ఆదాయపు పన్ను 163 లేయిలు పట్టుకుంటారు. అన్నీ పోను చేతికొచ్చేది 2,574 లేయిలు. యూరోల్లో 505 దగ్గర, యూరో వంద రూపాయలనుకుంటే యాభై వేలు. కనీస వేతనం పెరిగినప్పుడు అంకెలు మారతాయేమో గానీ, గ్రాస్‌లో మూడోవంతుకు పైగా పోతుందన్న సంగతి మారదు.

తాపీ పనికి, సెంట్రింగ్ పనికి వెళ్లేవాళ్లు ఇంకోటి గమనించాలి. రుమేనియాలో నిర్మాణ రంగానికి కనీస గ్రాస్ వేరే ఉంది, 4,582 లేయిలు. 2019 నుంచి ఆ రంగానికి పన్ను రాయితీలు ఉండేవి కాబట్టి చేతికి బాగానే వచ్చేది. 2025 జనవరి 1 నుంచి ఆ రాయితీలు ఎత్తేశారు. గ్రాస్ అంతే ఉంది, చేతికొచ్చేది తగ్గింది. మూడేళ్ల కిందట వెళ్లినవాళ్ల జీతం స్లిప్పును ఫోన్‌లో చూపించి ఇప్పటికీ ఒప్పిస్తున్న ఏజెంట్లకు ఈ సంగతి తెలియదో, తెలిసీ చెప్పరో!

ఒక్కో దేశం వేతనాన్ని ఒక్కో తీరున చెబుతుంది. బల్గేరియా 2026 జనవరి 1న యూరోలోకి మారింది. అక్కడ కనీస గ్రాస్ 620 యూరోలు, కోతలు పోను 480 చిల్లర. క్రొయేషియాలో 2025కు 970, 2026కు 1,050 యూరోలు, అదీ గ్రాసే. 970లో చేతికందేది 750 చుట్టుపక్కల. ఉండే ఊరును బట్టి ఆదాయపు పన్ను రేటు మారుతుంది కాబట్టి జాగ్రెబ్‌లో ఒక అంకె, తీరప్రాంతంలో ఇంకో అంకె వస్తుంది. సెర్బియాలో మాత్రం కనీస వేతనాన్ని గంటకు, అదీ కోతలు పోయాక మిగిలేదాన్ని ప్రకటిస్తారు. 2025 చివరి మూడు నెలల్లో అది గంటకు 337 దినార్లు ఉండేది, అంటే నెలకు సుమారు 500 యూరోలు. గ్రీస్‌లో 2025 ఏప్రిల్‌లో 880 యూరోలు గ్రాస్ చేశారు, కానీ ఏడాదికి 14 జీతాలు. రుమేనియా 800ను, సెర్బియా 500ను పక్కపక్కన పెట్టి రుమేనియా మేలని తేల్చేవాళ్లు నిజానికి ఒకే జీతాన్ని రెండు పేర్లతో చూస్తున్నారు.

ఇంత తక్కువ జీతాలున్న చోట పనివాళ్ల కొరత ఎందుకొచ్చింది? అక్కడివాళ్లు వెళ్లిపోయారు కాబట్టి. 1992 జనాభా లెక్కల్లో 2 కోట్ల 28 లక్షలున్న రుమేనియా 2021 నాటికి కోటి 90 లక్షలకు దిగింది. బల్గేరియాలో 1985లో 90 లక్షలకు దగ్గరగా ఉన్నవాళ్లు 2021కి 65 లక్షలయ్యారు. 2023 లెక్కల్లో అల్బేనియా జనాభా 24 లక్షలే. పుట్టుకలు తగ్గడం ఒక కారణం, వలస రెండోది. 2007లో రుమేనియా, బల్గేరియా, 2013లో క్రొయేషియా ఐరోపా సమాఖ్యలో చేరాక ఇటలీ, స్పెయిన్, జర్మనీ, ఐర్లండ్‌లలో పనిచేసే హక్కు వాళ్లకు వచ్చింది. సమాఖ్యలో లేని సెర్బియా, బోస్నియా, కొసొవో, ఉత్తర మాసిడోనియా, అల్బేనియా, మాంటెనెగ్రోల కోసం జర్మనీ 2016లో ప్రత్యేక దారి తెరిచింది, 2024 జూన్‌లో ఆ కోటాను ఏడాదికి 50,000కు పెంచింది. అలా జర్మనీకి వెళ్లిన బోస్నియా మేస్త్రీ ఖాళీలోకి నేపాలీ, బంగ్లాదేశీ, మన తెలంగాణ కుర్రాడు వస్తున్నాడు. స్థానికుడు ఈ జీతానికి చేయనన్న పని అది, కాబట్టి జీతం త్వరగా పెరుగుతుందన్న ఆశ పెట్టుకోకూడదు.

విచిత్రమేమిటంటే నిరుద్యోగమూ అక్కడే ఉంది. చదువూ లేక, ఉద్యోగమూ లేక, శిక్షణా లేక ఉన్న యువత శాతంలో రుమేనియాది ఐరోపా సమాఖ్యలోనే పైస్థానం, 19 శాతం చిల్లర. మోల్డావియా, ఓల్తేనియా ప్రాంతాల పల్లెల్లో కాస్త మొక్కజొన్న, నాలుగు కోళ్లు, ఇటలీ నుంచి అక్క పంపే డబ్బుతో బతుకు సాగుతుంది. అక్కడి కుర్రాడు క్లుజ్‌లోనో బుకారెస్ట్‌లోనో అద్దె కట్టి కనీస వేతనానికి పనిచేయడం కన్నా ఊళ్లో ఉండటమో, తిన్నగా మిలాన్ బస్సెక్కడమో మేలనుకుంటాడు. రుమేనియా సగటు జీతం చేతికి 5,500 లేయిల దగ్గర ఉందంటే, మనవాళ్లకిచ్చే కనీస వేతనం అందులో సగం కూడా లేదన్నమాట.

ఇక అప్పు లెక్క. ఏజెంటుకు నాలుగు లక్షలు కట్టాడనుకుందాం. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ. మొదటి నెల వడ్డీయే ఎనిమిది వేలు. కంపెనీ వసతి ఇచ్చినా తిండికి, ఫోనుకు, బస్సు పాసుకు 800 లేయిలన్నా పెట్టాలి. 2,574లో అది పోతే మిగిలేది ముప్పై అయిదు వేల లోపు. ఇంటికి రూపాయి పంపకుండా మొత్తం అప్పుకే కట్టినా పదమూడు, పద్నాలుగు నెలలు పడుతుంది. క్రొయేషియా తీరంలో హోటల్ పనికైతే ఇంకో చిక్కు. స్ప్లిట్, దుబ్రొవ్నిక్ వైపు సీజను వసంతంలో మొదలై అక్టోబరుకు ముగుస్తుంది. సీజనల్ పర్మిట్ మీద వెళ్లినవాడికి చలికాలం జీతం ఉండదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

ఓవర్‌టైమ్‌తో పూడ్చుకుందామనుకుంటే అదీ అంత నమ్మకం కాదు. రుమేనియా చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటి చేసిన పనికి ముందు బదులు సెలవు ఇవ్వొచ్చు. అది కుదరనప్పుడే 75 శాతానికి తగ్గకుండా అదనం కలిపి డబ్బివ్వాలి. ఓవర్‌టైమ్‌తో కలిపి వారానికి సగటున 48 గంటలు మించకూడదు. ‘రోజుకు 12 గంటలు, ఓవర్‌టైమ్ గ్యారంటీ’ అని ఎవరైనా చెబితే, చట్టం ఒప్పని పని చేయిస్తామని ముందే చెబుతున్నట్టు.

ఎక్కువమంది దెబ్బతినేది చేరిన మొదటి మూడు నెలల్లో. మామూలు కార్మికులకు అక్కడ ప్రొబేషన్ 90 రోజుల వరకు పెట్టొచ్చు. ఆ గడువులో నోటీసు, కారణం ఏదీ అక్కర్లేకుండా ఒక కాగితం ఇచ్చి పంపేయవచ్చు. పనికి ఇచ్చే దీర్ఘకాలిక వీసా కూడా 90 రోజుల బసకే. అది ముగియడానికి కనీసం 30 రోజుల ముందు నివాస, పని అనుమతులు కలిసి ఉండే పర్మిట్‌కు ఇమ్మిగ్రేషన్ ఇన్‌స్పెక్టరేట్‌లో దరఖాస్తు పడాలి. కాంట్రాక్టు, వసతి కాగితం, మెడికల్ సర్టిఫికెట్ కావాలి. వీటిలో సగం యజమాని చేతిలో ఉంటాయి. ఆయన ఆలస్యం చేస్తే పర్మిట్ లేనివాడయ్యేది కార్మికుడు. కాబట్టి దిగిన నాలుగో వారం నుంచే ‘దరఖాస్తు పడిందా, రసీదు ఏది’ అని అడుగుతూ ఉండాలి. కంపెనీ మారదామంటే మొదటి ఏడాదిలో పాత యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. 2024లో వచ్చిన ఐరోపా సమాఖ్య కొత్త ఆదేశం ఈ కట్టును కొంత సడలిస్తుంది. పని పోయినా కనీసం మూడు నెలలు ఉండి వేరే పని వెతుక్కునే వీలు అందులో ఉంది. సభ్యదేశాలు దాన్ని తమ చట్టాల్లోకి తేవడానికి గడువు 2026 మే 21. సెర్బియాకు, బోస్నియాకు అది వర్తించదు.

డబ్బు కట్టకముందు చూడాల్సిన కాగితం ఒకటుంది. రుమేనియాలో యజమాని ముందు ఇమ్మిగ్రేషన్ ఇన్‌స్పెక్టరేట్ నుంచి ఉద్యోగ అనుమతి తీసుకోవాలి. దాని కాపీ అడగండి. పాస్‌పోర్టు నంబరు మీదేనా, కంపెనీ పేరు, పన్ను నంబరు ఉన్నాయా చూడండి. ఆ నంబరును వాళ్ల ఆర్థికశాఖ వెబ్‌సైట్‌లో కొడితే కంపెనీ బతికుందో లేదో తెలుస్తుంది. క్రొయేషియాలోనైతే కంపెనీకి 11 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. తర్వాత రుమేనియా అనుమతి కాగితంలో వృత్తి కోడ్ చూడండి. ఆరంకెల ఆ కోడ్ 7తో మొదలైతే వెల్డరు, మేస్త్రీ లాంటి చేతిపని, 9తో మొదలైతే మామూలు కూలి. వెల్డర్ అని మాట్లాడుకుని 9తో మొదలయ్యే కాగితం మీద వెళ్లినవాడికి అక్కడ కూలి పనే ఉంటుంది, అడగడానికి చట్టం కూడా తోడు రాదు. టూరిస్టు వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటే లేచి వచ్చేయండి. సెర్బియాకు వీసా అక్కర్లేదన్న పాత మాట కూడా 2023 జనవరి 1తో చెల్లిపోయింది.

రుమేనియా, బల్గేరియా 2025 జనవరి నుంచి భూసరిహద్దుల్లోనూ షెంగెన్‌లో, అంటే దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు లేని ప్రాంతంలో కలిశాయి. దీన్ని చూపి ‘అక్కడ దిగితే చాలు, జర్మనీ వెళ్లిపోవచ్చు’ అని చెప్పడం మొదలైంది. రుమేనియా పర్మిట్‌తో జర్మనీలో 180 రోజుల్లో 90 రోజులు తిరిగి రావచ్చు, పని మాత్రం చేయకూడదు. అంతకుముందు రుమేనియా, హంగరీల మధ్య నద్లాక్ సరిహద్దులో లారీల్లో దాక్కుని పట్టుబడినవాళ్లలో చాలామంది సక్రమంగా పని వీసా మీద రుమేనియాకు వచ్చిన దక్షిణాసియావాళ్లే.

వచ్చే రెండేళ్ల పరిస్థితి కూడా తెలుసుకుని అడుగు వేయాలి. 2024లో రుమేనియా బడ్జెట్ లోటు జీడీపీలో 9.3 శాతం, ఐరోపా సమాఖ్యలోనే అత్యధికం. దాన్ని తగ్గించడానికి 2025 ఆగస్టు నుంచి వ్యాట్‌ను 19 నుంచి 21 శాతానికి పెంచారు, అంతకు ముందు నెలలోనే కరెంటు ధరల మీద పరిమితి తీసేశారు. ధరలు ఎగబాకాయి. రోడ్లు, ఆసుపత్రుల నిర్మాణానికి ఊపునిచ్చిన ఐరోపా రికవరీ నిధుల గడువు 2026 ఆగస్టుతో తీరుతోంది. ఆ డబ్బు మీద నడిచే సైట్లకు ఇప్పుడు రెండేళ్ల కాంట్రాక్టు అంటూ మనుషుల్ని తీసుకుంటే, రెండో ఏడాది పని ఎక్కడిదో అడగాలి. సెర్బియాలో నోవీ సాద్ రైల్వేస్టేషన్ పైకప్పు 2024 నవంబరు 1న కూలి 16 మంది చనిపోయాక మొదలైన నిరసనలు, ఆ తర్వాత చమురు కంపెనీ మీద అమెరికా ఆంక్షలు పెట్టుబడులను నెమ్మదింపజేశాయి. బెల్‌గ్రేడ్‌లో 2027 ఎక్స్‌పో నిర్మాణాలు మాత్రం నడుస్తున్నాయి.

మనవైపు చట్టంలోనూ ఒక సందు ఉంది. పదో తరగతి పాసుకాని వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అయిన 18 దేశాల్లో ఇవేవీ లేవు. గల్ఫ్‌కు వెళ్లేటప్పుడు కాంట్రాక్టును చూసే అధికారి ఇక్కడ అడ్డురాడు. కానీ 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఏ దేశానికి మనుషుల్ని పంపాలన్నా ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ, అంతకుమించి తీసుకోకూడదు. లైసెన్సు ఉన్నవాళ్ల జాబితా కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంది.

మీ పత్రికకు, తక్కిన పత్రికలకు నా విన్నపం ఇది. విదేశీ ఉద్యోగాల ప్రకటన తీసుకునేటప్పుడు లైసెన్సు నంబరు, యజమాని కంపెనీ పేరు, గ్రాస్ జీతంతో పాటు కోతలు పోను మిగిలే జీతం, కాంట్రాక్టు ఎన్ని నెలలు అన్న నాలుగూ లేకుండా అచ్చువేయకండి. లైసెన్సు నంబరును అదే పోర్టల్‌లో సరిచూడడం మీ ప్రకటనల విభాగానికి అయిదు నిమిషాల పని.

– ఒక పాఠకుడు, నిజామాబాద్