విమానం కిట్ ఎంపిక: ముందు చూడాల్సింది బరువు, తర్వాతే వేగం

సంపాదకులకు నమస్కారం.

ఇంటి దగ్గర కట్టుకునే విమానం కిట్ల మీద ఇటీవల మీ ఆదివారం అనుబంధంలో వ్యాసం వచ్చింది. తెలుగులో ఇలాంటి విషయం రావడమే అరుదు కాబట్టి సంతోషించాం. అయితే అందులో వేసిన పట్టికలో మూడే గళ్ళున్నాయి: కిట్ పేరు, గరిష్ఠ వేగం, ధర. బెంగళూరులో కూర్చుని కిట్ ఎంచుకునేవాళ్ళు ఈ మూడింటితో మొదలుపెడితే తప్పుదారి పడతారు. నాలుగో గడి ఒకటి ఉండాలి, అదే ముందుండాలి: ఖాళీ బరువు.

కారణం మన నిబంధనల్లో ఉంది. రెండు సీట్ల మైక్రోలైట్ తరగతికి మన దేశంలో ఎగిరే మొత్తం బరువు 450 కిలోలకు మించకూడదు. ఒక్కొక్కరు 75 కిలోల చొప్పున ఇద్దరికి 150. పెట్రోలు లీటరు 0.72 కిలో అనుకుంటే 40 లీటర్లకు 29. మిగిలింది 271. ఇంజను, ప్రొపెల్లర్, చక్రాలు, సీట్లు, రంగు, మీటర్లు అన్నీ కలిపి విమానం ఆ 271 కిలోల్లో ఇమిడిపోవాలి. అమెరికా కిట్లు చాలావరకు అక్కడి తేలికపాటి తరగతికి అప్పట్లో ఉన్న 600 కిలోల హద్దును మనసులో పెట్టుకుని గీసినవి. వ్యాన్స్ ఆర్‌వీ-12 ఖాళీగానే దాదాపు 340 కిలోలు. ఇద్దరెక్కితే చాలు, చుక్క పెట్రోలు పోయకుండానే 490. జెనిత్ సీహెచ్ 750 కూడా అదే దారి. దాని అన్న సీహెచ్ 701 మాత్రం రోటాక్స్ ఇంజనుతో సుమారు 263 కిలోలు.

ఆ 263 కూడా కాగితం మీది అంకె. తయారీదారు చెప్పే ఖాళీ బరువు ఎప్పుడూ పొదుపుగా కట్టిన విమానానిదే. రంగు ఒక్కటే ఎనిమిది, పది కిలోలు లాగుతుంది. దానిమీద రెండో తెర, మెత్తటి సీట్లు, చక్రాలకు తొడుగులు. అందుకని 15 కిలోలు అదనంగా వేసుకుని లెక్క కట్టాలి: 278. ఇద్దరు మనుషులు పోగా పెట్రోలుకు మిగిలేది 22 కిలోలు, అంటే 30 లీటర్లు. రోటాక్స్ 912 గంటకు 18 నుంచి 20 లీటర్లు తాగుతుంది. అరగంట నిల్వ పక్కన పెడితే చేతికొచ్చేది గంట ఎగురుడు. గంట చాలనుకునేవారికి ఇది మంచి విమానం. హంపీ దాకా పోయి రావాలనుకునేవారికి కాదు.

స్వదేశీ ఎంపిక కూడా ఒకటుందని మీ వ్యాసం చెప్పలేదు. ఎక్స్-ఎయిర్ అనే తేలికపాటి విమానం కిట్‌ను బెంగళూరులోనే రాజ్‌హంస అల్ట్రాలైట్స్ తయారుచేసి విదేశాలకు పంపింది. అల్యూమినియం గొట్టాలు బోల్టులతో బిగించి, పైన డాక్రాన్ గుడ్డ తొడిగే పద్ధతి. వేగం తక్కువే. కానీ ఏ గొట్టం వంగిందో కంటికి కనిపిస్తుంది, ఆ ఒక్కటీ తీసి మార్చుకోవచ్చు. నేర్చుకునే చేతికి అంతకంటే ఏం కావాలి?

450 దాటితే మైక్రోలైట్ కాదు, దారి వేరు. ముంబయిలో కెప్టెన్ అమోల్ యాదవ్ ఇంటి మిద్దె మీద కట్టిన ఆరు సీట్ల విమానాన్ని 2016 ఫిబ్రవరిలో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో అందరూ చూశారు. దానికి రిజిస్ట్రేషన్ వచ్చింది 2017 నవంబరులో. కాబట్టి అడ్వాన్సు పంపకముందే పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏకు రాతపూర్వకంగా మూడు ప్రశ్నలు వేయండి. ఈ కిట్ ఏ తరగతిలోకి వస్తుంది? రెక్క మూసేముందు లోపల ఎవరు తనిఖీ చేస్తారు? ఎగిరే అనుమతికి ఏయే కాగితాలు కావాలి? రెండో ప్రశ్న అడగడం మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. రేకు మూసి రివెట్లు వేశాక స్పార్ (రెక్క లోపలి ప్రధాన దూలం) చూపించమంటే మళ్ళీ రివెట్లన్నీ పీకడమే గతి. ప్రతి భాగాన్నీ మూసేముందు తేదీ కనిపించేలా ఫొటో తీసి, ఆరోజు చేసిన పనీ గంటలూ పుస్తకంలో రాసుకోవాలి. విమానం కట్టింది మీరేనని రుజువు చేసేది ఆ పుస్తకమే.

ఇక ఎత్తు, ఎండ. బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 3000 అడుగుల పైన ఉంది. ప్రామాణిక లెక్కలో ఆ ఎత్తున ఉష్ణోగ్రత 9 డిగ్రీలుండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం బెంగళూరు జక్కూరు ఏరోడ్రోమ్‌లో 34 డిగ్రీలుంటే తేడా 25. వేడికి గాలి పలచబడుతుంది కాబట్టి డిగ్రీకి 120 అడుగుల చొప్పున అసలు ఎత్తుకు 3000 అడుగులు కలపాలి. విమానం నేలమీదే ఉన్నా రెక్కకీ, ఇంజనుకీ, ప్రొపెల్లర్‌కీ అది 6000 అడుగుల గాలి. టర్బో (గాలిని అదిమి ఇంజనులోకి పంపే పరికరం) లేని ఇంజను వెయ్యి అడుగులకు సుమారు మూడు శాతం శక్తి పోగొట్టుకుంటుంది. 100 గుర్రాల రోటాక్స్ ఇక్కడ 82 గుర్రాలే లాగుతుంది. సముద్రమట్టంలో లేవడానికి పట్టే దూరం ఇక్కడ దాదాపు రెట్టింపవుతుంది. దిగేటప్పుడు వేగం మీటరు ఎప్పటి అంకే చూపిస్తుంది కానీ నేల మీద అసలు వేగం తొమ్మిది శాతం ఎక్కువ, ఆ మేరకు బ్రేకులకు పని ఎక్కువ. చెన్నై వాళ్ళు తమది సముద్రపు ఒడ్డు కదా అనుకోవచ్చు. మే నెలలో 40 డిగ్రీలున్న రోజు అదే లెక్క వేస్తే అక్కడా 3000 అడుగులు తేలుతుంది. కిట్ పుస్తకంలో లేచే దూరం ఇచ్చినచోట ఏ ఎత్తు, ఏ ఉష్ణోగ్రత అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అదీ లేకపోతే ఆ అంకెను నమ్మకండి.

టర్బో పెట్టుకుంటే సరి అనేవాళ్ళున్నారు. బెంగళూరులోని జాతీయ వైమానిక పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్ రూపొందించిన హంస-3లో టర్బో ఉన్న రోటాక్స్ 914 వాడారు, నిజమే. కానీ టర్బో బరువు, దాని గొట్టాలు, అదనపు చల్లదనానికి ఏర్పాట్లు, ఇవన్నీ కలిస్తే 450 లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఉదయం ఏడులోపు ఎగరడం టర్బో కంటే చవక.

పెట్రోలు సంగతి మీ వ్యాసం సరిగా చెప్పలేదు. 'కారు పెట్రోలుతో నడుస్తుంది' అని ఒక్క వాక్యంతో సరిపెట్టారు. అమెరికాలో ఆ మాట ఒప్పే. ఇక్కడ బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. రోటాక్స్ 912 వరసకు తయారీదారు ఒప్పుకున్నది 10 శాతం వరకే. ఎక్కువైతే ఏమవుతుంది? పాత రకం రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడతాయి. ఫైబర్‌గ్లాస్ ట్యాంకు లోపలి రెజిన్ కరిగి జిగురుగా కార్బురేటర్ జెట్‌లో చేరుతుంది. గాలిలోని తేమను ఇథనాల్ పీల్చుకుంటుంది. ఒక హద్దు దాటాక నీళ్ళూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగున వేరే పొరగా దిగిపోతాయి. లేచే సమయంలో ఇంజనుకు ముందు అందేది ఆ పొరే.

కొలవడం తేలిక. సన్నటి గాజు కొలపాత్రలో 10 మిల్లీలీటర్ల నీళ్ళు, 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి మూతపెట్టి బాగా కుదిపి పది నిమిషాలు నిలపండి. అడుగు పొర 10 దగ్గరే ఆగితే ఇథనాల్ లేదు. 28 దాకా పెరిగితే 20 శాతం ఉన్నట్టు. బంకులో 'ప్రీమియం' అన్న పేరు చూసి ఈ పరీక్ష మానకండి. విమానాల కోసమే చేసే పెట్రోలు, ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్, మంచి ప్రత్యామ్నాయం. ఇండియన్ ఆయిల్ 2022 నుంచి దాన్ని దేశంలోనే తయారుచేస్తోంది. అయితే అందులో సీసం ఉంటుంది. రోటాక్స్‌ను ఎక్కువగా దాని మీదే నడిపితే నూనె ప్రతి 25 గంటలకూ మార్చాలి. కిట్‌తో అల్యూమినియం ట్యాంకు, ఫైబర్‌గ్లాస్ ట్యాంకు రెండూ ఇస్తామంటే కళ్ళు మూసుకుని అల్యూమినియం తీసుకోండి.

కర్ర, ఫైబర్, గుడ్డ, రేకు: దేనితో కట్టే కిట్ అన్నది తర్వాతి ప్రశ్న. కర్ర విమానం చక్కగా ఎగురుతుంది, కానీ మన ఊళ్ళ చెదలకు అది విమానమని తెలియదు. ఫైబర్‌గ్లాస్ పనిలో ఎపాక్సీ కలిపే గది ఉష్ణోగ్రత, తేమ అదుపులో ఉండాలి. చెన్నై తేమలో గట్టిపడిన ఎపాక్సీ మీద మైనం లాంటి జిడ్డు పొర తేలుతుంది. దాన్ని నీళ్ళతో కడిగి గీకకుండా పైన ఇంకో పొర వేస్తే రెండూ అంటుకోవు. ఇనుప గొట్టాల చట్రానికి గుడ్డ తొడిగే కిట్లు బాగుంటాయి, ఎటొచ్చీ గుడ్డను ఎండ తినేస్తుంది. వెండిరంగు పూత సరిగా పడకపోతే కొద్ది ఏళ్ళకే వేలితో నొక్కితే చిరుగుతుంది.

రేకు కిట్ల మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎక్కువమంది కొనేది అవే కాబట్టి. ఇందులో రెండు జాతులున్నాయి. జెనిత్, సోనెక్స్ లాంటివి ఒకవైపు నుంచి లాగే బ్లైండ్ రివెట్ల మీద ఆధారపడతాయి. ఒక్కడే కూర్చుని పని చేసుకోవచ్చు, చప్పుడు తక్కువ, పక్కింటివారితో తగవు రాదు. ఆర్‌వీ-7, ఆర్‌వీ-8 లాంటివి సుత్తి రివెట్లవి. ఒకరు గన్ పట్టుకుంటే ఇంకొకరు వెనక బకింగ్ బార్ అనే లోహపు దిమ్మె అదిమిపట్టాలి, అలాంటి రివెట్లు పదివేలకు పైగానే. అపార్టుమెంటు సెల్లార్‌లో ఆ చప్పుడును సంఘం వాళ్ళు రెండు ఆదివారాలు భరిస్తారేమో, మూడోది భరించరు.

సుత్తి రివెట్ సరిగా పడిందా లేదా చెప్పేది కొలతే. వెనకవైపు ఏర్పడే తలకు కాడ మందానికి ఒకటిన్నర రెట్ల వెడల్పు, సగం ఎత్తు రావాలి. 2.4 మిల్లీమీటర్ల రివెట్‌కు తల వెడల్పు 3.6, ఎత్తు 1.2. ఎక్కువ కొడితే తల పగులుతుంది, తక్కువ కొడితే రేకులు వదులుగా ఉండి అరుగుతాయి. చెడిన రివెట్ తీసేటప్పుడే అసలు నష్టం జరుగుతుంది. డ్రిల్లుతో తల లోతు మాత్రమే తొలిచి, సన్నటి పంచ్‌తో తలను విరిచి, కాడను వెనక్కి తట్టాలి. తొందరపడి కిందిదాకా తొలిస్తే రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. రంధ్రం నడుమ నుంచి రేకు అంచుకు కనీసం రివెట్ మందానికి రెండింతలు ఉండాలి. పెద్ద రివెట్ వేసి సర్దుకుందామంటే ఈ హద్దు దాటిపోతుంది. రంధ్రం అంచున మిగిలిన సన్నటి ముళ్ళను చెక్కేయాలి. పగుళ్ళు అక్కడి నుంచే పుడతాయి.

రేకు మీద పెన్సిలుతో గీతలు గీయవద్దు. పెన్సిల్ లోని గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది, మార్కర్ వాడాలి. రేకుకు అంటించి వచ్చే నీలి ప్లాస్టిక్ పొరను 'గీతలు పడకుండా ఉంటుందిలే' అని నెలల తరబడి ఉంచేస్తారు. దాని కింద చెమ్మ చేరి రేకు మచ్చలు పడుతుంది, చెన్నైలో మరీనూ. ఉప్పుగాలి తగిలేచోట 2024 అనే సంఖ్య గల అల్యూమినియం మిశ్రలోహపు రేకు కంటే 6061 సంఖ్యది తుప్పును మెరుగ్గా తట్టుకుంటుంది. బెంగళూరులో ఈ తేడా అంత పట్టించుకోనక్కర్లేదు, చెన్నైలో పట్టించుకోవాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కిలోల లెక్కన దొరికే పాప్ రివెట్లు కిటికీలకు సరే, విమానానికి కాదు. సంచి మీద రకం సంఖ్య లేని రివెట్ దేనికీ పనికిరాదు.

పనిముట్లకు బడ్జెట్ విడిగా పెట్టుకోవాలి. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడితే రేకంతా సొట్టలవుతుంది. బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో రెండు గుర్రాల బెల్ట్ కంప్రెసర్ మంచిదే దొరుకుతుంది. కిట్ ధర మొత్తం ఖర్చులో దాదాపు మూడోవంతు. మిగతాది ఇంజను, ప్రొపెల్లర్, మీటర్లు, రంగు, ఓడ కిరాయి, సుంకం. పెట్టెలు చెన్నై రేవులో దిగి వైట్‌ఫీల్డ్ కంటైనర్ డిపోకు వస్తాయి. కస్టమ్స్ ఏజెంటు చేత ఏ శీర్షిక కింద ఎంత సుంకమో ఆర్డరు ఇవ్వకముందే రాయించుకోండి. పెట్టె విప్పిన వారంలోనే జాబితా పట్టుకుని ప్రతి భాగాన్నీ లెక్కపెట్టండి. లోటు చెప్పడానికి గడువుంటుంది.

కిట్ మొత్తం ఒక్కసారి కొనవద్దు. 1973లో మొదలై ఈ రంగంలో అతి పెద్దదిగా ఎదిగిన వ్యాన్స్ సంస్థే, లేజర్‌తో కోసిన భాగాల రంధ్రాల దగ్గర పగుళ్ళు బయటపడ్డాక, 2023 డిసెంబరులో దివాలా రక్షణ కోరింది. తర్వాత కోలుకుంది. కానీ అప్పటికే మొత్తం డబ్బు కట్టి కూర్చున్నవారి ఆందోళన ఊహించుకోవచ్చు. సగం కట్టిన ఆర్‌వీ కిట్ ఎవరైనా అమ్ముతామంటే, ఆ భాగాలు 2022, 2023ల నాటివా, లేజర్ భాగాలు మార్చారా అని అడగండి.

థర్టీ ఫార్టీ (30 అడుగులకు 40 అడుగుల) సైట్‌లో కడదామనుకునేవారికి ఒక కొలత. సీహెచ్ 701 ఒక్కో రెక్క నాలుగు మీటర్ల లోపు, మొత్తం పొడవు ఆరు మీటర్లు దాటుతుంది. 12 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవున్న షెడ్డులో రెక్కలు, ఒడలు (విమానం మొండెం) విడివిడిగా కట్టవచ్చు, కలిపి బిగించడం మాత్రం ఏరోడ్రోమ్‌లోనే. గేటు, దాని ముందు మలుపు, వీధిలో వేలాడే కేబుల్ తీగలు, ఎత్తు చక్రాల మీద నిలబడ్డ ఒడలు: ఇవన్నీ ముందే టేపుతో కొలవాలి. తోక అడ్డపలక ఒక్కటే రెండు మీటర్ల పైన ఉంటుంది, దాన్ని ఊడదీసి విడిగా తీసుకెళ్ళాలి.

మొదటి కొనుగోలు తోక కిట్ ఒక్కటే అయితే మంచిది. దానికి ముందు తయారీదారులు అమ్మే చిన్న అభ్యాసపు కిట్ తెప్పించుకుని వంద రివెట్లు వేసి, అందులో ఇరవై పీకి, మళ్ళీ వేసి చూడండి. తోక పూర్తయ్యాక తూచి, పుస్తకంలోని బరువుతో పోల్చండి. అక్కడే అరకిలో తేడా వస్తే రెక్కల కిట్‌కు డబ్బు కట్టేముందు 450 లెక్క మళ్ళీ వేసుకోవాలి. తోక చివర చేరిన ప్రతి వంద గ్రాములకు ముందువైపు అంతకు రెండు మూడింతల బరువు పెడితేగానీ తూకం కుదరదు.

ఇట్లు,
కొందరు విమాన నిర్వహణ ఇంజనీర్లు,
విమానపుర, బెంగళూరు