ఒప్పందం చేతులు కట్టేయలేదు, మంత్రిగారూ

గౌరవనీయులైన కేంద్ర వాణిజ్య శాఖ మంత్రిగారికి,

ఆయిల్‌పామ్ గెలల ధర పడిపోయినప్పుడల్లా మా రైతులు అధికారులకు విన్నపాలు పంపుతూనే ఉన్నారు. చాలావాటికి జవాబే రాలేదు. వచ్చినవాటి సారాంశం ఒక్కటే: ఇండోనేషియా, మలేషియా ఉన్న ఆగ్నేయాసియా కూటమి ఆసియాన్‌తో వాణిజ్య ఒప్పందం ఉంది కాబట్టి చేయగలిగిందేమీ లేదు. దయచేసి ఆ ఒప్పందాన్ని ఒకసారి తెప్పించి చూడండి. 2010లో అమల్లోకి వచ్చిన ఆ పత్రంలో పామాయిల్ ప్రత్యేక సరుకు. ముడి నూనెపై దిగుమతి సుంకం క్రమంగా తగ్గి 37.5 శాతం దగ్గర, శుద్ధి చేసిన నూనెపై 45 శాతం దగ్గర ఆగితే చాలు. అంతకంటే కిందికి దించాలన్న షరతు ఇండోనేషియా గాని మలేషియా గాని పెట్టలేదు.

దించింది మనమే. 2022 ఫిబ్రవరికి ముడి పామాయిల్‌పై మూల సుంకం సున్నా అయి, నామమాత్రపు సెస్సు మిగిలింది. 2024 సెప్టెంబరులో మూల సుంకాన్ని 20 శాతానికి పెంచారు. తోటలవాళ్లం ఊపిరి పీల్చుకునేలోగా, 2025 మే నెలాఖరున 10 శాతానికి తగ్గించారు. మా గెల ధర ముడి నూనె ధరను బట్టే లెక్క కడతారు కనుక ఓడరేవులో నూనె చవకైతే ఆ నష్టం నేరుగా తోటకు చేరుతుంది. మొక్క నాటిన మూడు నాలుగేళ్లకు గాని గెల కోతకు రాదు, తొమ్మిది నెలలైనా నిలవని సుంకాన్ని నమ్మి మేము పాతికేళ్ల పంట వేయాలి! 2021లో 11,040 కోట్ల రూపాయలతో ఆయిల్‌పామ్ మిషన్ ప్రకటించిందీ ఈ ప్రభుత్వమే. ఒక శాఖ మొక్క నాటమంటుంది, ఇంకో శాఖ ఓడను రమ్మంటుంది.

ఇదంతా వినియోగదారుడి కోసమేనంటారు. 2022 ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతులను ఆపేసినప్పుడు ఆ వినియోగదారుణ్ణి ఏ ఒప్పందం ఆదుకుంది?

దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా మాట సరేసరి. ఆ వెసులుబాటుతో నేపాల్ నుంచి శుద్ధి చేసిన పామాయిల్ సుంకం లేకుండా వచ్చింది. అక్కడి కొండల్లో ఆయిల్‌పామ్ తోటలు ఎప్పుడు వేశారో మాకు మాత్రం తెలియలేదు.

సుంకం ఆర్థిక శాఖ పని అని మళ్లీ అనవద్దని మనవి. ఆసియాన్ ఒప్పందాన్ని సమీక్షించే చర్చలు మీ శాఖవే. అక్కడ ఇతర సరుకుల కోసం ఆ 37.5, 45 శాతం పరిమితులను వదులుకోకండి. ముడి నూనెపై సుంకం ఇంతకంటే తగ్గదని, కనీసం కొత్త తోటలు కాపుకొచ్చేదాకా తగ్గదని, రాతపూర్వకంగా చెప్పించండి. ఈసారైనా జవాబు ఇప్పించండి.

ఇట్లు,
ఒక ఆయిల్‌పామ్ రైతు