మా పిల్లల కోడు ఓపికగా చదివినవారికి

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు ఆదివారాలు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష చెబుతున్నానని నా పరిచయస్తులకు తెలుసు. చెప్పడం ఒక ఎత్తు. వాళ్లు రాసిన ప్రోగ్రాములను ఒక్కొక్కటీ చదివి, ఎక్కడ బాగుందో ఎక్కడ తేలిపోతుందో చెప్పడం మరో ఎత్తు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. అడగగానే చేయి వేసిన మిర్యాలగూడ అక్కకు, వనపర్తి అన్నకు, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ సెలవుకు ఊరొచ్చి కూడా ల్యాప్‌టాప్ తెరిచిన మిత్రులకు పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలని ఉంది. పేర్లు రాయవద్దన్నారు కాబట్టి ఊళ్లతో సరిపెడుతున్నాను.

ఇచ్చిన సాధన చిన్నదే. ఒక ఫైలులో మండలం, ఊరు, అక్కడి బోరు నీటిలో లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందో రాసి ఉంటుంది. తాగునీటి పరిమితి 1.5 దాటినవాటిని మండలాలవారీగా చూపాలి, సగటు కట్టాలి. అంకెలు నేను కల్పించినవే. అయినా పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికే మన జిల్లా పేరు పెట్టారు. ఈ లెక్క ఎందుకో ఇక్కడి పిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

కొన్ని గడులను కావాలనే ఖాళీగా వదిలాను. ఖాళీ గడిని సంఖ్యగా మార్చబోతే పైథాన్ ‘వాల్యూఎర్రర్’ (విలువలో పొరపాటు) అని ఆగిపోతుంది. ఒక అబ్బాయి దాన్ని, పొరపాటు వస్తే ప్రోగ్రాము ఆగకుండా పట్టుకునే ‘ట్రై’, ‘ఎక్సెప్ట్’ మధ్య పెట్టి, ఏ పొరపాటు వచ్చినా సున్నా అనుకొమ్మని రాశాడు. ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, అతనూ సంతోషించాడు. మిర్యాలగూడ అక్క దాన్ని తప్పు అనలేదు. ‘మర్రిగూడ వరుసలో ఒక గడి ఖాళీగా ఉంది. ఆ బోరు నీళ్లు నిశ్చింతగా తాగవచ్చని మీ ప్రోగ్రాము చెబుతోంది. మీరు చెప్పదలచుకున్నది కూడా అదేనా?’ అని మాత్రం అడిగారు. కింద మూడు విలువలు వేశారు: 2.0, 1.8, ఒక ఖాళీ. ఖాళీని సున్నాగా పట్టుకుంటే సగటు 1.27, అంటే పరిమితి లోపలే. కొలిచిన రెండింటికే సగటు కడితే 1.9. ఆ అబ్బాయి ఆ రాత్రే కోడు మార్చి, పరీక్ష చేయని బోర్లకు విడిగా జాబితా పెట్టాడు. ‘ఎక్సెప్ట్’ పక్కన ఏ పొరపాటునైతే పట్టుకోవాలో దాని పేరు కూడా రాశాడు.

వనపర్తి అన్నది మరో తీరు. ఒకరి ఫంక్షన్‌లో (పేరు పెట్టి, కావలసినప్పుడల్లా పిలిచే కోడు ముక్కలో) ఊళ్ల జాబితాకు డిఫాల్ట్ విలువగా, అంటే పిలిచేటప్పుడు ఏమీ ఇవ్వకపోతే వాడుకునేదిగా, ఖాళీ లిస్టు ఉంది. ఆయన వివరణ ఏమీ రాయకుండా, అదే ఫంక్షన్‌ను ముందు నాంపల్లికి, వెంటనే చండూరుకు పిలిచే రెండు వరుసలు పంపి నడిపి చూడమన్నారు. చండూరు జాబితాలో నాంపల్లి ఊళ్లు కూడా వచ్చి కూర్చున్నాయి! డిఫాల్ట్‌గా పెట్టిన లిస్టును పైథాన్ ఫంక్షన్‌ను నిర్వచించేటప్పుడు ఒక్కసారే తయారు చేస్తుందని, పిలిచిన ప్రతిసారీ కొత్తది ఇవ్వదని పిల్లలు తమంతట తామే తవ్వి తీశారు. సరిదిద్దిన కోడు మొత్తం రాసి పంపడం ఆయనకు క్షణాల పని. పంపలేదు. దానికే ఆయనకు ఎక్కువ రుణపడి ఉన్నాను.

సరిగ్గా 1.5 ఉన్న ఊరిని ఎటు వేయాలన్న ప్రశ్న హైదరాబాద్ మిత్రులది. దాంతో పిల్లలు తాగునీటి భారతీయ ప్రమాణం వెతికి చదివారు: 1.0 వరకు ఆమోదయోగ్యం, వేరే నీటి వనరు లేని చోట 1.5 వరకు అనుమతి. కాబట్టి ‘కంటే ఎక్కువ’ గుర్తు చాలు, ‘సమానం’ కలపనక్కరలేదని తేలింది. ఖాళీలు, వరుస పొడవు, పేర్ల తీరు వంటి పెప్ 8 (పైథాన్ కోడు ఎలా రాస్తే చదవడానికి బాగుంటుందో చెప్పే మార్గదర్శిక) సంగతులను అందరూ చివరనే చెప్పారు. మొదటి మాటే వరుసలో 79 అక్షరాలు దాటాయని అయితే, కొత్తగా నేర్చుకునేవారికి మిగతాది చదవబుద్ధి కాదు.

ఒక అమ్మాయికి, లూపు (ఒకే పనిని వరుస వరుసకూ మళ్లీ మళ్లీ చేసే కోడు) తీసేసి, జాబితాను ఒక్క వరుసలోనే తయారు చేసే లిస్ట్ కాంప్రహెన్షన్‌గా రాయవచ్చని కోడు చదివినవారిలో ఒకరి నుంచి సలహా వచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. ‘అదే లూపులో ఖాళీ గడులను కూడా లెక్కిస్తున్నాను సార్, అలా మారిస్తే ఆ లెక్కకు ఫైలును మళ్లీ మొదటి నుంచి చదవాలి’ అని జవాబిచ్చింది. ఆయన నొచ్చుకోకుండా ‘నీదే నయం, అలాగే ఉంచమ్మా’ అన్నారు. ఈ ఒక్క మాటకు ఆయనకు ప్రత్యేకంగా దండం.

తర్వాతి సాధన మహబూబ్‌నగర్, నారాయణపేట మండలాల వానలెక్క. తేదీలు ఒక్కో వరుసలో ఒక్కో తీరుగా ఉంటాయి, అదీ కావాలనే. ఆ అమ్మాయి ఈసారి జూనియర్ల కోడు తానే చదువుతానంటోంది. ఆమె కోడు చదవడానికి మాత్రం మీలో ఒకరు కావాలి. తీరిక ఉన్నవారు నాకు ఒక మాట చెప్పండి.