‘నా బరువు వల్ల’ అంటే ఏ బరువు?

రాజమండ్రి,
ఆదివారం.

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకునే ఉంటావు. తప్పు మా మేనకోడలిది. సైకాలజీ ఎమ్మెస్సీ ప్రాజెక్టంటూ, తెలుగు మాస్టారివి కదా అని, ఒక ప్రశ్నాపత్రం అనువాదం నా నెత్తిన పెట్టింది.

దాని పేరు ఐడబ్ల్యూక్యూఓఎల్-కిడ్స్. నోరు తిరగదులే. లావుగా ఉన్న పిల్లల రోజులు ఎలా గడుస్తున్నాయో కొలవడానికి అమెరికాలో కొలోట్కిన్, జెల్లర్ వాళ్ళు తయారుచేసి 2006లో ప్రచురించారు. 11 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకి. 27 వాక్యాలు, అన్నీ ‘నా బరువు వల్ల’ అనే మొదలు. ‘ఎప్పుడూ నిజమే’ నుంచి ‘ఎప్పుడూ నిజం కాదు’ దాకా అయిదింటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. వందకి ఎంత ఎక్కువొస్తే పిల్ల అంత హాయిగా ఉన్నట్టు.

కాటా ఉండగా ఇదెందుకే అన్నాను. ‘కాటా కిలోలు చెబుతుంది మావయ్యా, స్కూల్లో ఏడ్చిందో లేదో చెప్పదుగా’ అంది. 2003లో శాన్‌డియాగోలో ష్విమ్మర్ బృందం బాగా లావైన 106 మంది పిల్లల్ని ఇలాంటిదే మరో పత్రంతో అడిగితే, వాళ్ళ జీవన నాణ్యత క్యాన్సర్ ఉన్న పిల్లలతో సమానంగా తేలిందట. వాళ్ళు ఆసుపత్రి దాకా వచ్చినవాళ్ళు, అందరికీ అంటగట్టకూడదనుకో. అయినా గుండె కలుక్కుమంది.

ఇక నా తిప్పలు విను. మొదటి మాట దగ్గరే బోల్తా పడ్డాను. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి చదివి, ‘బరువంటే ఇంటి బరువా మాస్టారూ?’ అంది. ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. ‘ఒంటి బరువు’ అని దిద్దాను. ‘ఊబకాయం’ తీసేశాను, ఏ పిల్లాడూ అనే మాట కాదు. తన ఒంటి గురించి తనకేమనిపిస్తుందో అడిగే భాగానికి ‘దేహగౌరవం’ అని పేరు పెడితే, శవానికి చేసే మర్యాదలా ఉందని మా మేనకోడలు కొట్టేసింది!

ఇంట్లో వాళ్ళ సంగతి అడిగే భాగం ఇంకా చిక్కు. మన ఇళ్ళల్లో ‘ఒళ్ళు చేశావే’ అని అత్తయ్య మురిసిపోతుంది, అదే ఇంట్లో అన్నయ్య ‘బొండాం’ అంటాడు. రెండూ ప్రేమే అంటారు. అందుకే టిక్కు పిల్లే పెట్టాలి. అమ్మని పక్కన కూచోబెడితే పెన్ను ఎటు పోతుందో నాకు తెలుసు.

అన్నట్టు, మన ‘గున్నేనుగు’ గుర్తున్నాడా? కోటిలింగాల రేవులో మనమంతా దూకుతుంటే మెట్ల మీద బట్టలకి కాపలా కూచునేవాడు. నీళ్ళంటే భయం అనుకున్నాం. నిన్న ఆ 27 వాక్యాలూ వాడి బదులు నేను నింపబోయి, పది కూడా దాటలేకపోయాను. చొక్కా విప్పడం వాడికి ఇష్టం లేదురా. ఆ పేరు పెట్టింది నువ్వే, నలుగురిలో పాకించింది నేను.

వాడి ఫోన్ నంబరు నీ దగ్గరుంటే పంపు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు.

నీ
రాంబాబు